సఖ్ర్ పనితనం: విండోస్ మార్చే ముందు ఒక పాత కువైట్ కంప్యూటర్ పరిచయం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న సెలవిచ్చేసింది. ఆ రోజు ఎవరి కంప్యూటరూ ఆగిపోలేదు. మంగాఫ్‌లో, ఫర్వానియాలో, అబ్బాసియాలో మనవాళ్ల ఫ్లాట్లలో మూలబల్ల మీదున్న డెస్క్‌టాప్‌లు మర్నాడు కూడా ఎప్పటిలాగే వెలిగాయి. ఆగినవల్లా భద్రతా అప్‌డేట్లు. జీతం పడే బ్యాంకు ఖాతా, ఊళ్లో అమ్మానాన్నలకు డబ్బు పంపే ఎక్స్ఛేంజీ లాగిన్, పిల్లల స్కూలు పోర్టల్ అన్నీ ఆ పెట్టె మీదే నడిచే ఇళ్లకు అది చిన్న సంగతేమీ కాదు. అందుకే హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధి కంప్యూటర్ షాపుల్లో కొన్నాళ్లుగా ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు. "దీనికి లెవెన్ ఎక్కదన్నా, కొత్తది తీసుకో."

ఎక్కకపోవడానికి కారణముంది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, సెక్యూర్ బూట్ అడుగుతుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకు ముందుది ఎంత చురుగ్గా పనిచేస్తున్నా గడప తొక్కనివ్వదు. ఇంకో ఏడాది నెట్టుకొద్దామనుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు అప్‌డేట్లు పెట్టారు. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. మూడో దారి లినక్స్. నాలుగోది కొత్త కంప్యూటర్. కొత్తొక వింత పాతొక రోత అన్న సామెత షాపువాడికి నచ్చినంతగా మన జేబుకు నచ్చదు.

ఈ లెక్కలు వేసుకుంటున్న పాఠకులకు ఒక పాత కంప్యూటర్‌ను పరిచయం చేయాలని నా కోరిక. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఎలాంటి సిస్టమ్ ఉండాలన్న ప్రశ్నకు నలభై ఏళ్ల కిందట ఇదే కువైట్ సొంతంగా ఒక జవాబు తయారుచేసుకుంది. దాని పేరు సఖ్ర్. 1980ల్లో గల్ఫ్‌లో పెరిగిన అరబ్బు పిల్లల్లో చాలామంది మొట్టమొదట తాకిన కీబోర్డు అదే. ఇక్కడే ఏళ్లకేళ్లు బతుకుతున్న మనలో మాత్రం ఆ పేరు విన్నవాళ్లు అరుదు. అప్‌గ్రేడా, మార్పా అని తేల్చుకోవడానికి ఏం చూడాలో ప్రాసెసర్ జాబితా కన్నా ఆ యంత్రమే బాగా చెబుతుందని నా నమ్మకం.

దాని వెనకున్న మనిషి మొహమ్మద్ అల్ షారిఖ్. ఇంజనీరు కాదు. కైరోలో ఆర్థికశాస్త్రం చదివి, అమెరికాలో విలియమ్స్ కాలేజీలో పైచదువు ముగించి, బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన కువైటీ. తర్వాతి రోజుల్లో కథలు కూడా రాశారు. 1982లో అల్ ఆలమియ్యా అనే తన కంపెనీలో సఖ్ర్ పని మొదలుపెట్టారు. అప్పటికి అరబ్బు ఇళ్లకొచ్చే కంప్యూటర్లకు ఇంగ్లిషే తప్ప అరబ్బీ రాదు. అరబ్బీ పిల్లవాడు కంప్యూటర్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లిషు నేర్చుకోవాలి. దీన్ని తిరగేయాలన్నది షారిఖ్ పట్టుదల. చేతిలో డబ్బుంది, సంకల్పముంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, మొత్తం యంత్రాన్ని మొదటి నుంచీ తామే తయారుచేస్తామని బయలుదేరడం. ఆయన అలా చేయలేదు. తయారైన పునాది ఒకటి వెతుక్కుని, దాని మీద తన భాషను నిలబెట్టే పనికి శక్తినంతా పెట్టారు. సఖ్ర్‌లో నాకు నచ్చే మొదటి సంగతి ఈ ఎంపికే.

ఆ పునాది ఎంఎస్ఎక్స్. జపాన్‌లో ఆస్కీ కంపెనీకి చెందిన కజుహికో నిషి, మైక్రోసాఫ్ట్‌తో కలిసి 1983 జూన్‌లో ప్రకటించిన ప్రమాణం అది. సోనీ చేసినా, యమహా చేసినా, సాన్యో చేసినా, ఫిలిప్స్ చేసినా లోపల జెడ్80 ప్రాసెసరే ఉండాలి, అదే బేసిక్ భాష ఉండాలి, అదే కొలత కార్ట్రిడ్జి పట్టాలి. ఒకరి మెషీన్ కోసం రాసిన ప్రోగ్రాం మరొకరి మెషీన్‌లో మారు మాట్లాడకుండా నడవాలి. బేసిక్ రాసిందేమో మైక్రోసాఫ్ట్. ఇవాళ మన పాత డెస్క్‌టాప్‌ను గడప బయట నిలబెట్టిన కంపెనీయే అప్పుడు కువైట్ కంప్యూటర్ కడుపులోనూ ఉందన్నమాట.

ఎంఎస్ఎక్స్‌లో సిస్టమ్ డిస్కులో ఉండదు. 32 కిలోబైట్ల రోమ్ చిప్పులో పోతపోసి ఉంటుంది. స్విచ్చి వేసిన కొన్ని క్షణాల్లో తెర సిద్ధం. వైరస్ దాన్ని చెరపలేదు, పిల్లలు పొరపాటున తుడిచేయలేరు. ఆ సుఖానికి ఒక ఖరీదుంది. చిప్పులో పోసేసినదాన్ని మార్చలేం. మరి రేపు ఎవరైనా కొత్త పరికరం చేర్చాలన్నా, కొత్త లిపి చేర్చాలన్నా ఎలా?

ఇక్కడ ఎంఎస్ఎక్స్ రూపకర్తలు చేసిన పని దగ్గర నుంచి చూడదగ్గది. రోమ్‌లోని ప్రోగ్రాం ముఖ్యమైన ప్రతి పనికీ ముందు, అంటే తెర మీద అక్షరం వేయబోయే ముందు, మీట నొక్కింది గమనించే ముందు, రామ్‌లో ఒక నిర్ణీత స్థలానికి వెళ్లి చూస్తుంది. వీటిని హుక్‌లంటారు, మన భాషలో కొక్కేలు. నూటికి పైగా ఉంటాయి. ఒక్కో కొక్కెం పొడవు ఐదు బైట్లు. కంప్యూటర్ వెలిగినప్పుడు ఆ ఐదింటిలోనూ "వెనక్కి వెళ్లు" అన్న ఒకే ఆదేశం నింపి ఉంటుంది. ప్రాసెసర్ వస్తుంది, పనేమీ లేదని తెలుసుకుంటుంది, తన దారిన పోతుంది. ఎవరికైనా అక్కడ పని పెట్టాలనిపిస్తే ఆ ఐదు బైట్లలో తమ ప్రోగ్రాం చిరునామా రాసుకుంటే చాలు.

ఐదే ఎందుకన్నది ఇంకా ముచ్చటైన లెక్క. ఎంఎస్ఎక్స్‌లో ప్రాసెసర్ ఒక్కసారికి 64 కిలోబైట్లే చూడగలదు. అందుకని మెమరీని స్లాట్లుగా విడగొట్టి, కావలసిన అరను కావలసినప్పుడు ముందుకు తెచ్చుకుంటుంది. వేరే స్లాటులో ఉన్న ప్రోగ్రాంను పిలవాలంటే పిలిచే ఆదేశానికి ఒక బైటు, స్లాటు నంబరుకు ఒకటి, చిరునామాకు రెండు, తిరిగి రావడానికి ఒకటి కావాలి. కలిపితే సరిగ్గా ఐదు. నాలుగైతే చాలదు, ఆరైతే మెమరీ వృథా. ప్రతి బైటుకూ కక్కుర్తి పడాల్సిన రోజుల్లో, ఎప్పుడో ఎవరో ఏదో చేర్చుకుంటారని ఊహించి, వాళ్లకు సరిగ్గా సరిపడే జాగా ఖాళీగా వదిలిపెట్టారు. టోక్యోలో కూర్చున్నవాళ్ల మనసులో అరబ్బీ లిపి ఉండి ఉండదు. అయినా అలాంటి చేర్పులకు తలుపు తీసే ఉంచారు. అసలు సిస్టమ్‌ను తవ్వకుండా పైన భాష చేర్చుకోగల పునాది దొరకడం అరబ్బీ కంప్యూటర్ చేయాలనుకున్నవాళ్లకు కలిసొచ్చిన అదృష్టం.

ఇక చేర్చాల్సిన లిపి సంగతి. అరబ్బీలో 28 అక్షరాలు. వినడానికి తక్కువే. కానీ అక్షరాలు పక్కవాటితో చేతులు కలిపి రాస్తారు కాబట్టి, ఒక్కో అక్షరానికి ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రూపం, మాట మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఆరు అక్షరాలు మాత్రం కుడిపక్కవాటితో కలుస్తాయి, ఎడమపక్క వచ్చేవాటికి చెయ్యివ్వవు. వాటికి రెండే రూపాలు. లెక్కేస్తే నూరు ఆకారాలు. లామ్, అలిఫ్ పక్కపక్కన వస్తే రెండూ కలిసి ఇంకో ఆకారం. హంజా గుర్తు మోసే అక్షరాలు అదనం.

కితాబ్ అన్న మాట టైప్ చేయడం ఊహించుకోండి. కాఫ్ మీట నొక్కగానే తెర కుడి అంచున కాఫ్ ఒంటరి రూపంలో కనిపించాలి. ఆ తర్వాత తా నొక్కితే కాఫ్ తన తోక ముడుచుకుని మొదటి రూపంలోకి మారాలి, తా చివరి రూపంలో దాని ఎడమ పక్కన అంటుకోవాలి. అలిఫ్ నొక్కితే తా మధ్య రూపంలోకి సర్దుకోవాలి, అలిఫ్ దానికి అతుక్కోవాలి. చివరగా బా. అలిఫ్ ఎడమవైపు చెయ్యివ్వదు గనక బా మాట చివర ఉన్నా ఒంటరి రూపంలోనే నిలబడాలి. నాలుగు మీటలకు నాలుగు అక్షరాలు వేయడంతో పాటు, వేసేసినవాటిని రెండుసార్లు చెరిపి తిరగరాయాలి. వేలు మీట మీద నుంచి లేచేలోపు ఇదంతా జరిగిపోవాలి. వెనక్కి వచ్చి ఒక అక్షరం తుడిచేస్తే మిగిలినవి మళ్లీ ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకుని రూపాలు మార్చుకోవాలి. ఈ పనంతా చేయాల్సింది 3.58 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్.

జాగా విషయం ఇంకా ఇరుకు. ఎంఎస్ఎక్స్ తొలితరం అక్షరాల తెరకు ఆకారాలు దాచుకునే గడులు 256 ఉంటాయి. ఒక్కో గడి ఎత్తు 8 చుక్కలు, ఖరీదు 8 బైట్లు; మొత్తం కలిపి 2 కిలోబైట్లు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు తీసేయడానికి లేదు, అవి లేకపోతే బేసిక్ నడవదు. వాటికే 95 గడులు పోతాయి. మిగిలినవాటిలో అరబ్బీ నూరు ఆకారాలూ, హంజాలూ, లామ్-అలిఫ్‌లూ ఇమడాలి. ఎనిమిది చుక్కల ఎత్తులో సీన్ అక్షరానికుండే మూడు పళ్లు, పైన చుక్కలు, కింద చుక్కలు అన్నీ విడివిడిగా కనబడాలి. నస్ఖ్ దస్తూరీ సొగసు తెలిసినవాళ్లు ఆ తెరను చూసి ముఖం చిట్లించే ఉంటారు. అందం తగ్గింది, నిజమే. కానీ ఆరేళ్ల పిల్లవాడు తన పేరు తన లిపిలో తానే కొట్టుకుని చదువుకోగలిగాడు. ఎంత వదులుకుంటే ఎంత మిగులుతుందో తెలిసి వదులుకోవడం కూడా పనితనమే.

మన తెలుగును ఆ ఎనిమిది చుక్కల్లో పెట్టి చూడండి. తలకట్టుకు ఒక వరుస, కింద ఒత్తుకు కనీసం మూడు, మధ్యలో అసలు అక్షరానికి మిగిలేవి నాలుగు. 'స్త్ర్య' సంగతి చెప్పనక్కర్లేదు. అరబ్బీ పక్కలకు పాకుతుంది, మనది కిందికి దిగుతుంది.

అంకెల గొడవ వేరు. అరబ్బీ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, దాని మధ్యలో వచ్చే సంఖ్య ఎడమ నుంచి కుడికి. వాక్యం మధ్యలో 1986 అని కొట్టాలంటే, ముందు 1 పడుతుంది. 9 నొక్కగానే 1 ఎడమకు జరిగి 9కి చోటివ్వాలి. 8 వస్తే రెండూ జరగాలి. సంఖ్య అయిపోయి మళ్లీ అక్షరం మొదలైతే కర్సర్ ఆ సంఖ్యను దాటి ఎడమ అంచుకు దూకాలి. ఇవాళ ఫోనులో ఇదంతా జరుగుతోందని కూడా మనకు తెలియదు. తెలియకుండా చేయడం కోసమే అప్పట్లో అంతమంది తలలు పగలగొట్టుకున్నారు.

సఖ్ర్ మెషీన్లు ఒకరి చేతిలోనే తయారు కాలేదు. ఏఎక్స్-170 లాంటి పేరుమోసిన మోడళ్లను యమహా చేసి ఇచ్చింది. ఏఎక్స్-350, ఏఎక్స్-370 లాంటివి ఎంఎస్ఎక్స్-2 తరానివి. చివరి రోజుల్లో సేగా మెగా డ్రైవ్ ఆటల యంత్రాన్ని కలిపి కూడా ఒకటి తెచ్చారు. పెట్టెతో పాటు అరబ్బీలోనే ఆదేశాలు రాసే బేసిక్, పిల్లలకు లోగో, చదువు పాఠాలు, ఖురాన్ వచ్చాయి. కోనామీ ఆటలు ఎటూ ఉన్నాయి. పిల్లలు దేనికోసం కొనిపించుకున్నారో, పెద్దలు దేనికోసం కొన్నారో వేరేగా చెప్పాలా.

ఆ ఇళ్లల్లో అప్‌గ్రేడ్ అనే మాటకు అర్థం కొత్త పెట్టె కొనడమే. సిస్టమ్ చిప్పులో ఉంది గనక దాన్ని మార్చే దారి లేదు. అయితే పాత కార్ట్రిడ్జి కొత్త పెట్టెలోనూ నడిచేది. ఎంఎస్ఎక్స్-2 తన ముందుతరం ప్రోగ్రాములను కాదనకూడదన్నది ఆ ప్రమాణంలో షరతు. తెలిసిన పెట్టెను అకస్మాత్తుగా పరాయిదాన్ని చేసే ఇప్పటి పద్ధతితో పోల్చినప్పుడు ఆ మర్యాద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీలు ఇలాంటి షరతులు తమకు తామే పెట్టుకున్న కాలం అది.

తెర మీద అక్షరం సరిగ్గా పడితే చాలనుకుని ఉంటే సఖ్ర్ కథ అక్కడే అయిపోయేది. షారిఖ్ ఈజిప్టుకు చెందిన నబీల్ అలీని తెచ్చుకున్నారు. విమాన ఇంజనీరుగా మొదలై భాషాశాస్త్రంలోకి వచ్చిన మనిషి. 1988లో అరబ్బీ భాషకూ కంప్యూటర్‌కూ ఉన్న సంబంధం మీద పెద్ద పుస్తకం రాశారు. అరబ్బీ మాటలు ధాతువు నుంచి పుడతాయి. క, త, బ అన్న మూడు హల్లుల నుంచి కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తబ్ అంటే ఆఫీసు, మక్తూబ్ అంటే రాసి ఉన్నది. నిఘంటువులో వెతకాలంటే ధాతువు తెలియాలి. పైగా మామూలు రాతలో హ్రస్వ అచ్చులు రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. ఒక మాటను విప్పి దాని ధాతువేదో, అచ్చు ఏదో చెప్పగలిగే ప్రోగ్రాం లేకపోతే ఖురాన్ లాంటి గ్రంథంలో వెతుకులాటకు కంప్యూటర్ పెద్దగా అక్కరకు రాదు. నబీల్ అలీ బృందం తలకెత్తుకున్నది ఈ విప్పే పనిని. అది జెడ్80కి గానీ, ఎంఎస్ఎక్స్‌కి గానీ కట్టుబడిన పని కాదు. ఆ సంగతి రెండేళ్లలోనే అక్కరకొచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఉన్నవి ఉన్నట్టు వదిలి, అమ్మాన్ దాకా ఎడారి దాటి ఎయిరిండియా విమానాలెక్కి ఇల్లు చేరిన లక్షకు పైగా భారతీయుల్లో మన కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. సఖ్ర్ కూడా కువైట్ వదిలి కైరో చేరింది. ఆ నాటికి ఎంఎస్ఎక్స్ పని కూడా అయిపోవచ్చింది. ఆ ప్రమాణంలో చివరి తరం టర్బో-ఆర్‌ను 1990లో పానసోనిక్ ఒక్కటే తయారుచేసింది. లోకమంతా ఐబీఎం తరహా పీసీల వైపు నడిచింది, విండోస్ అరబ్బీలోనే వచ్చేసింది. పెట్టె చేసే కంపెనీగా సఖ్ర్‌కు చోటు లేకుండా పోయింది.

పెట్టె పోయింది, విప్పే విద్య మిగిలింది. దాన్నే పీసీల మీదికి, విండోస్ మీదికి తీసుకెళ్లారు. అరబ్బీ పుటను స్కాన్ చేసి చదివే ఓసీఆర్ వచ్చింది, యంత్రానువాదం వచ్చింది, ఇంటర్నెట్ రోజుల్లో అరబ్బీ పేజీలు చూపించే సింద్‌బాద్ బ్రౌజర్ వచ్చింది. షారిఖ్ ఆ తర్వాత పాత అరబ్బీ సాహిత్య పత్రికలను స్కాన్ చేయించి అందరికీ తెరిచిపెట్టారు. 2021లో కింగ్ ఫైసల్ బహుమతి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. 2024 మార్చిలో కన్నుమూశారు.

పోయినవీ ఉన్నాయి. సఖ్ర్ మీద పిల్లలు రాసుకున్న ప్రోగ్రాములు, కాసెట్లలో దాచుకున్న బొమ్మలు చాలావరకు ఆ పెట్టెలతోనే మూలపడ్డాయి. ఓపెన్‌ఎంఎస్ఎక్స్ అనే ఎమ్యులేటర్ జాబితాలో సఖ్ర్ మోడళ్లున్నాయి కాబట్టి కార్ట్రిడ్జి దొరికినవి ఇవాళ్టి కంప్యూటర్లో కూడా ఆడుతున్నాయి. కాసెట్టు బూజు పట్టినవాళ్లకు ఆ భాగ్యం లేదు. సిస్టమ్ మారినప్పుడు ఏది దాటొస్తుంది, ఏది దాటిరాదు అన్నది మారే రోజున తేలేది కాదు. దాచుకున్న రోజునే తేలిపోతుంది.

తెలుగువాళ్ల గొడవ సరిగ్గా ఇక్కడే ఉంది. అరబ్బీ ప్రమాణాలు చేసిన ఆస్మో సంస్థ తన 449వ ప్రమాణంలో ఒక తెలివైన నియమం పాటించింది. ఫైలులో దాచేది అక్షరాన్ని, ఆకారాన్ని కాదు. కాఫ్ ఎక్కడున్నా దానికి ఒకే అంకె. మొదటి రూపమా చివరి రూపమా అన్నది చూపించేటప్పుడు తేల్చుకోవాలి. మన దేశంలో భారతీయ లిపులకు చేసిన ఇస్కీ ప్రమాణం కూడా అదే బాట. కానీ తెలుగు నేలంతా డీటీపీ చేసింది అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో. అక్కడ దాచింది ఆకారాలను: గుడి ఒకచోట, ఒత్తు ఒకచోట, ఇంగ్లిషు అక్షరాల గదుల్లో. ఫాంటు ఉన్నంతసేపు ముత్యాల్లాంటి తెలుగు, ఫాంటు తీసేస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపు. మన పెళ్లి కార్డులు, సంఘాల ఉగాది సంచికలు, పద్యాల పుస్తకాలు ఎన్నో ఇంకా ఆ గుంపులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత దాన్ని అడోబీ వదిలేసింది. ఇక విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు కాబట్టి 16 బిట్ కాలపు ప్రోగ్రాములకు అందులో చోటే లేదు. డీటీపీ సెంటర్లలో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఇంకా కదలనివ్వకుండా కాపాడుకుంటున్నది దీనికే. వాళ్లను చాదస్తులనడం నాకిష్టం లేదు. వాళ్ల అక్షరాలు ఆ పెట్టెలో తాకట్టులో ఉన్నాయి.

యూనికోడ్‌లో రాసుకున్నవాళ్లకు ఈ తాకట్టు లేదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుంది. ఆ పద్ధతిలో రాసిన ఉత్తరం విండోస్‌లో తెరిచినా, లినక్స్‌లో తెరిచినా, ఫోనులో తెరిచినా ఉత్తరమే. ఒత్తును అక్షరం కింద సర్దే పని, కాఫ్ తోక ముడిచే పని ఇప్పుడు ఒకే చోట జరుగుతున్నాయి. ఫైర్‌ఫాక్స్‌లోనూ, లిబ్రెఆఫీస్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ ఆ పని చేసేది బెహదాద్ ఎస్ఫహబోద్ రాసిన హార్ఫ్‌బజ్. అప్పుడు జెడ్80 మీద చేత్తో చేసిన పనికి ఇది వారసురాలు.

అయినా చిన్న చిన్న చిక్కులుంటాయి. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటులో రాసుకున్న పత్రం విండోస్ 10లో, 11లో తెరిస్తే వరుసలు జరిగి కనిపించవచ్చు. గౌతమి, వాణి ఫాంట్లు ఇప్పుడు అడిగితేనే వచ్చే అదనపు సరుకు. సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్లలోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లు వేసుకోవాలి. టైపింగ్ సంగతి ఇంకొకటి. ఇక్కడ కొన్న కీబోర్డు మీద ఇంగ్లిషు, అరబ్బీ రెండూ అచ్చేసి ఉంటాయి. బీ మీట మీద లామ్-అలిఫ్ జంట కూడా కనిపిస్తుంది. తెలుగు మాత్రం వేళ్లకే తెలియాలి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్టుతో పాటు 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కూడా ఉంది. లినక్స్‌లో ఐబస్ ద్వారా ఇన్‌స్క్రిప్టు, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ అన్నీ దొరుకుతాయి. ఏ అలవాటున్నవాడికి ఆ పళ్లెం వడ్డించిన సిస్టమ్ ఇది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ ఒకప్పుడు మొత్తం లినక్స్‌నే తెలుగులో పేర్చి ఇచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మార్చుకోవాలా వద్దా అన్నది మార్చకుండానే తేల్చుకునే సదుపాయం లినక్స్‌లో ఉంది. జర్మనీలో క్లౌస్ క్నాపర్ 2000లో క్నాపిక్స్ అనే సీడీ చేశారు. సీడీ పెట్టి కంప్యూటర్ వెలిగిస్తే మొత్తం సిస్టమ్ అందులోంచే నడుస్తుంది, హార్డ్ డిస్కును ముట్టుకోదు. 700 మెగాబైట్ల సీడీలో రెండు గిగాబైట్ల దాకా సరుకు కుక్కి, అడిగిన ముక్కను అడిగినప్పుడే విప్పి ఇచ్చేలా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ మీద అదే పద్ధతి. మీ పాత డెస్క్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి, వైఫై దొరుకుతోందా, ప్రింటర్ పలుకుతోందా, పిల్లల స్కూలు పోర్టల్ తెరుచుకుంటోందా, తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయా చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ వెలిగించండి, మీ విండోస్ మీకుంటుంది. కొత్త ఇంట్లో అద్దె కట్టకుండా నాలుగు రోజులు ఉండి చూడమన్నట్టు. మింట్ 22 నడవడానికి కనీసం 2 గిగాబైట్ల రామ్, సుఖంగా ఉండాలంటే 4. విండోస్ 11 కాదన్న పెట్టెల్లో ఇది చాలావాటికి ఉంటుంది.

ఇన్ని చెప్పాక నా తీర్పు కూడా చెప్పాలి. ఎనిమిదో తరం, ఆపైది ఉన్న పెట్టెలో విండోస్ 11 వేసుకోండి, పెద్దగా ఆలోచించాల్సింది లేదు. అంతకు పాతది అయి, ఇంట్లో వాడేది బ్రౌజరూ, వీడియో కాల్సూ, ఉత్తరాలే అయితే మింట్ వేయండి. 150 దినార్లు పెట్టి కొత్తది కొనడానికి తొందరేమీ లేదు. ఇక్కడి ప్రభుత్వ పనులు ఎటూ ఫోనులో సహెల్ యాప్ మీదే నడుస్తున్నాయి, వాటికోసం డెస్క్‌టాప్‌ను మార్చనక్కర్లేదు. అను, పేజ్‌మేకర్ పని చేసేవాళ్లు ఆ పాత పెట్టెను ఇంటర్నెట్ నుంచి విడదీసి అలాగే ఉంచుకుని, బ్యాంకు పనికి వేరేది వాడటం మేలు. మధ్యలో ఉన్నవాళ్లకు పొడిగింపు అప్‌డేట్లు ఊపిరి తీసుకునే గడువు మాత్రమే.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంటి కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫైళ్లలో అన్నిటికన్నా పాతదాన్ని తెరిచి, అందులోని నాలుగు వాక్యాలు కాపీ చేసి ఈమెయిల్‌లో అతికించి చూడండి. తెలుగుగానే కనిపిస్తే మీకు దిగులు లేదు. ఇంగ్లిషు అక్షరాలుగా మారితే ఈ శుక్రవారం సెలవు రోజునే కూర్చుని అలాంటివన్నీ యూనికోడ్‌లోకి మార్చుకోండి, దానికి కన్వర్టర్లు ఉచితంగానే ఉన్నాయి. విండోసా, మింటా అన్నది ఆ పైవారం తేల్చుకోవచ్చు.